కంచరగాడిద నపుంసకమా?

పిల్లల పత్రికకి వచ్చిన ఒక వ్యాసం దిద్దుతున్నాను. ‘మగ కంచరగాడిద నపుంసక జంతువు’ అని ఉంది. మగ గాడిదకీ ఆడగుర్రానికీ పుట్టే దీనివల్ల పిల్లలు పుట్టవు కదా, ఉంచేయొచ్చా? పెద్దలు చెప్పండి.

— ఉంచకండి. నపుంసకం అనగానే మగతనం లేనిదనే అర్థం వస్తుంది. దీనికి ఆ లోటేమీ లేదు. వృషణాలు, లింగం, దాని తొడుగు, శుక్రనాళాలు, ప్రొస్టేట్ గ్రంథి, అన్నీ ఉంటాయి. తొడుగు మీద చిన్న చనుమొనలు కూడా ఉంటాయి. ఇది తండ్రి గాడిద పోలిక, మగ గుర్రాల్లో మామూలుగా కనపడదు. వృషణాల్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తయారవుతుంది కాబట్టి ఎదకొచ్చిన ఆడగుర్రం కనిపిస్తే జతకట్టడానికి మీదికి ఎక్కబోతుంది.

తేడా అంతా లోపల. తల్లి గుర్రానికి 64 క్రోమోజోములు, తండ్రి గాడిదకి 62. ఒకరి నుంచి 32, ఇంకొకరి నుంచి 31 వచ్చి దీనికి 63 అవుతాయి. వీర్యకణం తయారవ్వాలంటే ఈ రెండు వరసలూ జతకట్టాలి. ఒకటి మిగిలిపోవడం అటుంచి, ఉన్నవాటికే ఒకదానితో ఒకటి సరిగ్గా పొసగదు. వీర్యకణాలు తయారయ్యే కణ విభజన (క్షయకరణ విభజన) మధ్యలోనే ఆగిపోతుంది.

— మరి పిల్లలే పుట్టనిదానికి వట్టలు తీయించడం దేనికండీ?

— తీయించకపోతే మగ పొగరు ఎక్కడికి పోతుంది? కరుస్తుంది, తంతుంది, బరువు మోయించడం టెన్షనే. వట్టలు తీసే పని కూడా తేలిక కాదు. గాడిద పోలిక వల్ల వట్టలకి పోయే రక్తనాళాలు పెద్దవిగా ఉంటాయి, అందుకే పశువైద్యులు వాటిని దారంతో ముడివేసి మరీ కోస్తారు.

— అయితే ‘గొడ్డు’ అందామా మాస్టారూ? గొడ్డుటావు, గొడ్రాలు అన్నీ ఆడవాటికే వాడతాం కదా.

— కాయని చెట్టుని కూడా గొడ్డుచెట్టు అంటాం, కాబట్టి మగదానికి వాడితే తప్పేమీ లేదు. కానీ గొడ్డు అంటే పశువు అని కూడా అర్థం, పిల్లలు తికమకపడతారు. ‘పిల్లల్ని పుట్టించే శక్తి లేదు’ అని రాస్తే సరిపోతుంది. వంధ్య మగ జంతువు లాంటి మాటలు వద్దు, నోరు తిరగదు.

— పేరు కంచరగాడిదే ఉంచాలా? వేసడం, అశ్వతరం అని కూడా ఉన్నాయి కదా.

— తెలుగు బైబిల్లో దావీదు కొడుకు అబ్షాలోము ఎక్కింది కంచరగాడిదే, ఎక్కువమందికి తెలిసిన మాట అది. కేదార్‌నాథ్ వెళ్లొచ్చిన మనవాళ్లు ఖచ్చర్ అంటారు. అశ్వతరం సంస్కృతం. అశ్వతరి, అంటే ఆడది, గర్భం దాలిస్తే చావు కొనితెచ్చుకున్నట్టేనన్న పోలిక భారతం శాంతిపర్వంలో ఉంది. అయితే 2002లో మొరాకోలో, 2007లో అమెరికాలోని కొలరాడోలో ఆడ కంచరగాడిదలు ఈనాయి. అందుకని ‘పుట్టించే శక్తి లేదు’ అన్న వాక్యం మగవాటికే పరిమితం చేయండి. ఆడవాటికైతే ‘చాలా అరుదుగా’ అని చేర్చండి.