కాలువకు తాళం వేస్తారా?

అడిగినవారు: అందరికీ నమస్కారం. మా తెలుగుబడి పిల్లల కోసం అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఈరీ కాలువ కథ రాస్తున్నాను. మేముండేది రోచెస్టర్ దగ్గరే, సాయంత్రం నడక ఆ గట్టు మీదే. హడ్సన్ నది ఒడ్డున ఆల్బనీ నుంచి ఈరీ సరస్సు మీది బఫెలో దాకా 363 మైళ్ళు. 1817లో తవ్వడం మొదలుపెట్టి 1825కి ముగించారు. ఆ చివరకీ ఈ చివరకీ ఎత్తులో తేడా దాదాపు 570 అడుగులు. పడవల్ని అంచెలంచెలుగా ఎక్కించి దించడానికి 83 చోట్ల ‘లాక్’లు కట్టారు. నిఘంటువు చూసి ‘83 తాళాలు’ అని రాస్తే, మా అబ్బాయి ‘మరి తాళంచెవులు ఎవరి దగ్గరుండేవి?’ అన్నాడు. సరైన మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

లొల్ల పక్క ఊరివాడు: తాళం కాదమ్మా, లాకు. లొల్ల లాకులు, ధవళేశ్వరం లాకులు అని మా వైపు చంటిపిల్లాడు కూడా అంటాడు. మా తాత ధాన్యం పడవ మీద పనిచేశాడు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి నీళ్ళు వదిలేవారట. లోపలి నీళ్ళు పై కాలువ మట్టానికి లేచాక ముందు తలుపులు తీసేవారు. దిగేటప్పుడు నీళ్ళు నింపే బదులు తీసెయ్యడమే. లాకు దగ్గరుండే మనిషిని లస్కరు అని రాయండి, చాలు. గాలి లేకపోతే మనుషులే తాడు భుజాన వేసుకుని గట్టు వెంట పడవ లాగేవారు. మీ దగ్గర ఎవరు లాగేవారు?

అడిగినవారు: గుర్రాలూ కంచరగాడిదలూనండీ. వాటిని తోలుకుంటూ జీతానికి కుదిరిన కుర్రాళ్ళు నడిచేవారు. వాళ్ళలో చాలామంది మా అబ్బాయి ఈడువాళ్ళే.

తెలుగు మాస్టారు: ‘లాకు’ ఇంగ్లీషు మాటే కదా. ‘జలసోపానం’ అంటే ఎంత బావుంటుంది!

లొల్ల పక్క ఊరివాడు: మాస్టారూ, జలసోపానం అంటే మా ఊళ్ళో కోనేటి మెట్లనుకుంటారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. లాకు మాట నోళ్ళలో నానబట్టి తరాలైంది. అయినా మన ‘ఆనకట్ట’ని వాళ్ళు ‘ఆనికట్’ చేసుకోలేదా? చెల్లుకు చెల్లు.

తెలుగు మాస్టారు: ఆనికట్ వెళ్ళింది తమిళం నుంచి. అది మన ఖాతాలో వేసుకోకండి. లాకు సంగతి మాత్రం ఒప్పుకున్నాను.

అడిగినవారు: ఇంకోటి. ఈ కాలువకు పట్టుబట్టినవాడు న్యూయార్క్ రాష్ట్ర నాయకుడు డెవిట్ క్లింటన్. ఎగతాళి చేసేవాళ్ళు దీన్ని ‘క్లింటన్స్ డిచ్’ అన్నారు. ‘క్లింటన్ గుంట’ అని రాశాను గానీ వెక్కిరింత పలకడం లేదు.

లొల్ల పక్క ఊరివాడు: బోదె! ‘క్లింటన్ గారి బోదె’. చేలోకి నీళ్ళు పెట్టుకోవడానికి పారతో తీసుకునేదే బోదె. మహా కాలువని పట్టుకుని అలా అంటే ఒళ్ళు మండదూ? ఆ ‘గారి’ మాత్రం వదలొద్దు, వెక్కిరింతంతా అందులోనే ఉంది.

అడిగినవారు: అబ్బ, అచ్చం అదే! వెడల్పు 40 అడుగులు, లోతు 4 అడుగులేనండీ, బోదె అనడానికి సందు దొరికింది. తీరా కాలువ వచ్చాక, బఫెలో నుంచి న్యూయార్క్‌కు టన్నుకు 100 డాలర్ల దాకా పడే రవాణా ఖర్చు 10 డాలర్లకు దిగింది. మా రోచెస్టర్ పిండిమరల ఊరైంది. 1824లో ఆయనంటే పడని వాన్ బ్యూరెన్ అనే నాయకుడి వర్గంవాళ్ళు క్లింటన్‌ని కాలువ కమిషన్ నుంచి తీసేశారు. జీతం కూడా లేని పని అది! జనానికి ఒళ్ళు మండి ఆ నవంబరులోనే ఆయన్ని గవర్నరుగా గెలిపించారు. మరుసటి ఏడు ఆయనే పడవెక్కి వెళ్ళి ఈరీ సరస్సు నీళ్ళు న్యూయార్క్ రేవులో కలిపాడు.

తెలుగు మాస్టారు: అప్పట్లో వాళ్ళ రాజకీయమంతా ‘ఇంటర్నల్ ఇంప్రూవ్‌మెంట్స్’ చుట్టూ తిరిగింది. దాన్ని ఏం చేశారు?

అడిగినవారు: ‘అంతర్గత మెరుగుదలలు’.

లొల్ల పక్క ఊరివాడు: జీర్ణశక్తి మందు ప్రకటనలా ఉంది.

తెలుగు మాస్టారు: పాత రోజుల్లో మనకు మరామత్తు శాఖ ఉండేది. ‘మరామత్తులు’ అనొచ్చేమో.

అడిగినవారు: అంటే ఇప్పటి పిల్లలు కప్పు కారుతోందనుకుంటారు మాస్టారూ. పైగా తగువంతా ఆ ‘లోపలి’ అన్నదాని మీదే. రోడ్లూ కాలువలూ మంచివేనన్న అధ్యక్షుడు మాడిసనే, రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఆ అధికారం ఇవ్వలేదంటూ 1817 మార్చి 3న, పదవి దిగే ముందురోజు, వాటికి దేశం సొమ్ము ఇచ్చే బిల్లును వెనక్కి కొట్టాడు. దాంతో న్యూయార్క్ రాష్ట్రం సొంత డబ్బుతో జులై 4న తవ్వకం మొదలుపెట్టింది. 1830లో అధ్యక్షుడు జాక్సన్ కూడా మేస్‌విల్ రోడ్డును ఆపాడు. అది కెంటకీ ఒక్క రాష్ట్రంలోనే ఉంది, దేశం సొమ్ము ఎందుకు పెట్టాలన్నాడు.

లొల్ల పక్క ఊరివాడు: అయితే ‘దేశం లోపలి రోడ్లూ కాలువలూ’ అని విప్పి రాసెయ్యండి. నాలుగు మాటలైతే ఏం పోయింది?

తెలుగు మాస్టారు: అదే మేలు. ఊళ్ళ పేర్లు మాత్రం అనువదించకండమ్మా.

అడిగినవారు: ఒక్కటి చేసేశానండీ. కొండచరియ మీదికి 60 అడుగులు ఎక్కించడానికి ఐదేసి లాకులు రెండు వరసల్లో కట్టిన ఊరుంది, లాక్‌పోర్ట్. దాన్ని ‘తాళాలరేవు’ అన్నాను.

లొల్ల పక్క ఊరివాడు: కొట్టెయ్యండమ్మా! యానాం దగ్గర మా మేనత్తగారి ఊరు తాళ్ళరేవు. అమెరికా పడవలు అక్కడెప్పుడు ఆగాయని ఫోన్ చేసి అడుగుతుంది.