తెలియని ప్రాసెస్ కనిపిస్తే ఎండ్ టాస్క్ కొట్టాలా, వదిలేయాలా?

కొత్తగా వచ్చా:
విండోస్ ల్యాప్‌టాప్. కాసేపు పక్కన పెడితే చాలు, ఫ్యాన్ గోల మొదలవుతోంది. ఏం నడుస్తోందో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిస్తే 160కి పైగా ప్రాసెస్‌లు, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు! నేను తెరిచింది ఒక బ్రౌజరు, ఒక వర్డ్ ఫైలు. సర్వీస్ హోస్ట్ అన్న పేరుతోనే డెబ్బై దాకా ఉన్నాయి. టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాన్ కూడా నెమ్మదిస్తోంది, అదో వింత.

మా అన్నయ్య "తెలియనివన్నీ ఎండ్ చేసెయ్" అంటాడు. ఆఫీసులో సీనియర్ "దాని జోలికి పోకు" అంటారు. అన్నయ్య మాట విని ఎక్స్‌ప్లోరర్ అన్నదాన్ని ఆపేశాను, పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనుకుని. టాస్క్‌బార్, ఐకాన్లు అన్నీ మాయం! పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపాల్సొచ్చింది. ఇంతకీ ఎవరి మాట రైటు?

సిస్‌అడ్మిన్ మామ:
మీ సీనియర్ మాటే. మీరు ఆపిన ఎక్స్‌ప్లోరరే మీ డెస్క్‌టాప్. ఈసారి అలా జరిగితే పవర్ బటన్ జోలికి పోకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో రన్ న్యూ టాస్క్ నొక్కి ఎక్స్‌ప్లోరర్ అని టైప్ చేస్తే అన్నీ తిరిగొస్తాయి.

సర్వీస్ హోస్ట్‌లు డెబ్బై ఉన్నాయని భయపడకండి. తెర వెనక పనిచేసే విండోస్ సర్వీసులు చాలావరకు సొంతంగా నడవలేవు, వాటిని మోసే బండి అది. ఇదివరకు ఒక్కో బండిలో పదేసి సర్వీసులు ఎక్కేవి, ఒకటి చెడితే అన్నీ పడిపోయేవి. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి 3.5 జీబీ, అంతకు మించి ర్యామ్ ఉన్న మెషీన్లలో చాలా సర్వీసులకు విడి బండి ఇచ్చారు. సంఖ్య పెరిగింది అందుకే.

తెలియనిదాన్ని పీకెయ్యడం పాత జబ్బే. 2002లో ఒక మెయిల్ ఊరంతా తిరిగింది: "ఎలుగుబంటి బొమ్మ ఐకాన్ ఉన్న ఫైలు కనిపిస్తే వైరస్, వెంటనే తీసెయ్యండి" అని. అది విండోస్‌తో వచ్చే జావా డీబగ్గర్ ఫైలు. జనం తమ చేతులతో తామే తీసేసుకున్నారు. మనుషులేం ఖర్మ, 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేటే సర్వీస్ హోస్ట్ ఫైలును వైరస్ అనుకుని పట్టేసింది. ఎన్నో ఎక్స్‌పీ మెషీన్లు పదే పదే రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి.

అనుమానపు పక్షి:
మామా, మీ కథలు బావున్నాయి గానీ రెండోవైపూ చెప్పండి. 2005లో సోనీ బీఎంజీ మ్యూజిక్ సీడీ కంప్యూటర్లో పెడితే రూట్‌కిట్, అంటే జాడ తెలియకుండా దాక్కునే ప్రోగ్రాము, దిగేది. డాలర్, సిస్, మళ్ళీ డాలర్ గుర్తుతో పేరు మొదలయ్యే ఏ ఫైలునైనా, ఏ ప్రాసెస్‌నైనా అది కనబడకుండా చేసేది. విండోస్ నిపుణుడు మార్క్ రస్సినోవిచ్ తన సొంత మెషీన్లో అనుమానం వచ్చి తవ్వబట్టే బయటపడింది. "జోలికి పోకు" అని ఆయనా ఊరుకుని ఉంటే?

పైగా అందరూ ఒక ముక్క వదిలేశారు. టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాన్ నెమ్మదిస్తోందట! మన మెషీన్‌ను దొంగచాటుగా వాడుకుని క్రిప్టో కరెన్సీ సంపాదించే ప్రోగ్రాములు, అదే క్రిప్టో మైనర్లు, చేసే పనే అది. టాస్క్ మేనేజర్ తెరుచుకుందేమో చూస్తుంటాయి, తెరిస్తే నక్కుతాయి.

సిస్‌అడ్మిన్ మామ:
మైనర్ అని అప్పుడే తేల్చకండి. మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు విండోస్ తన ఇంటిపని చేసుకుంటుంది: డిఫెండర్ యాంటీవైరస్ స్కాన్, ఫైళ్ళ ఇండెక్సింగ్ (వెతికితే వెంటనే దొరికేలా జాబితా కట్టుకోవడం), డిస్క్ సర్దడం. మీరు మౌస్ ముట్టుకోగానే ఆపేస్తుంది, లేదా తగ్గిస్తుంది. టాస్క్ మేనేజర్ తెరవాలన్నా మౌసో కీబోర్డో ముట్టుకోవాలిగా.

లైనక్స్ పిల్లోడు:
మా దగ్గరా ఇదే గొడవ. కెడెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ అనేది అసలు కెర్నల్ థ్రెడ్, అంటే లైనక్స్ గుండెకాయలో భాగమే. చివర ఒక్క 'ఐ' తగిలిస్తే మైనర్.

మ్యాక్‌లో కెర్నల్ టాస్క్ సీపీయూ తింటోందని కంగారు పడేవాళ్ళూ ఉన్నారు. మెషీన్ వేడెక్కినప్పుడు మిగతావాటికి సీపీయూ అందకుండా అది కావాలనే అడ్డం కూర్చుంటుంది. ఏదో తింటోంది అనుకుంటాం, అది కాపలా కాస్తోంది.

చదువరి:
ఇద్దరూ పేర్ల మీదే కొట్టుకుంటున్నారు. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. సర్వీస్ హోస్ట్ ఫైలు పేరులో (svchost) 'ఓ' బదులు సున్నా పెడితే ఎంతమంది గమనిస్తారు? నేను చూసేది అది ఎక్కడినుంచి వచ్చిందని. రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే తెలుస్తుంది. సర్వీస్ హోస్ట్ సిస్టమ్32 ఫోల్డర్లో ఉండాలి. టెంప్‌లోనో, యాప్‌డేటాలోనో కనిపిస్తే ఇక మర్యాదలు అక్కర్లేదు.

తర్వాత దాన్ని ఎవరు పుట్టించారో చూస్తాను. మైక్రోసాఫ్టే ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఏది దేనికింద పుట్టిందో చెట్టులా కనిపిస్తుంది. సర్వీస్ హోస్ట్ సర్వీసెస్ అనే ప్రాసెస్ కింద ఉండాలి. వర్డ్ కింద ఉంటే మాత్రం నిద్ర పట్టదు. తయారుచేసిన కంపెనీ డిజిటల్ సంతకం ఉందా లేదా కూడా అదే చెబుతుంది.

అనుమానపు పక్షి:
సంతకాన్ని మరీ నమ్మకండి. 2017లో చెత్త ఫైళ్ళు ఊడ్చే సీక్లీనర్ 5.33 కంపెనీ సంతకంతోనే వచ్చింది, లోపల మాల్వేర్ పెట్టుకుని. అసలు సర్వీస్ హోస్ట్‌నే లేపి దాని కడుపులో తన కోడ్ పోసుకునే రకాలూ ఉన్నాయి. అప్పుడు చోటూ సరిగ్గానే ఉంటుంది, సంతకమూ సరిగ్గానే ఉంటుంది.

చదువరి:
నిజమే. అందుకే పుట్టించినవాళ్ళను కూడా చూడమన్నది. అలాంటిదైనా ఎండ్ టాస్క్‌తో ఏం ఒరుగుతుంది? రీస్టార్ట్ చేస్తే మళ్ళీ లేచి కూర్చుంటుంది.

మామూలు యూజర్:
ఒక మాట అంటా, కోప్పడకండి. ఇదంతా నేనెందుకు నేర్చుకోవాలి? యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అని రాసే బదులు "వైరస్ స్కాన్ నడుస్తోంది" అని రాయొచ్చుగా. కామ్ సరొగేట్ అట! ఆ పేరు చూసి ఎవరికి అనుమానం రాదు? అర్థంకాని పేర్లు పెట్టేది వాళ్ళు, భయపడి తప్పు బటన్ నొక్కామని తిట్లు తినేది మేము.

సిస్‌అడ్మిన్ మామ:
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ 95 శాతం తింటోంది, దాన్ని ఎలా ఆపాలి అని ఇప్పటికీ అడుగుతారు. ప్రాసెసర్ ఖాళీగా కూర్చున్న సమయం అది. పేరులోనే ఐడిల్ అని ఉంది కదా అంటే, ఇంగ్లీషు చదివేదెవరు మామా అంటారు.

చదువరి:
@కొత్తగా వచ్చా, ఒక పరీక్ష చెయ్యండి. ఫ్యాన్ గోల మొదలయ్యాక టాస్క్ మేనేజర్ తెరవకుండా ఉత్తినే మౌస్ కదుపుతూ ఒకట్రెండు నిమిషాలు ఏదైనా చదవండి. ఫ్యాన్ తగ్గితే మామ చెప్పినట్టు ఇంటిపని అయ్యుండొచ్చు. అలాగే అరుస్తూ, టాస్క్ మేనేజర్ తెరిస్తేనే ఆగితే పక్షిగారి వైపు మొగ్గాలి. ఖాళీ సమయం చూసుకుని పనిచేసే మైనర్లూ ఉంటాయి కాబట్టి, ఆటోరన్స్ కూడా ఒకసారి నడపండి. బూట్‌తో పాటు లేచేవన్నీ అందులో కనిపిస్తాయి. గులాబీ రంగు వరుసలు సంతకం లేనివి.

కొత్తగా వచ్చా:
రెండు రోజులు చూశాను. మౌస్ కదిపితే చాలు, ఫ్యాన్ ఆగుతోంది. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి పెట్టి పక్కకెళ్ళి వచ్చాను. గ్రాఫులో పైకి లేచింది సెర్చ్ ఇండెక్సర్. పోయిన వారం పాత హార్డ్ డిస్క్ నుంచి ఫొటోలన్నీ, ఏళ్ళనాటి మెయిల్సన్నీ ఇందులోకి ఎక్కించాను, వాటి మీద పడిందన్నమాట. ఆటోరన్స్‌లో గులాబీ ఏమీ లేదు గానీ, పసుపు వరుస ఒకటి ఉంది. ఎప్పుడో తీసేసిన ప్రింటర్ అప్‌డేటర్ పేరు. దాన్నేం చెయ్యను? అన్నయ్య డిలీట్ అంటున్నాడు.

అనుమానపు పక్షి:
పసుపు అంటే ఫైలు లేదు, పిలుపు మాత్రం మిగిలింది. ముందు టిక్ తీసి వారం ఆగండి. ఏదైనా తేడా వస్తే మళ్ళీ టిక్ పెట్టుకోవచ్చు. డిలీట్ చేస్తే ఆ అవకాశం ఉండదు.

సిస్‌అడ్మిన్ మామ:
పక్షి ఆగమంటోంది! స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా.