ఎన్100 బోర్డుతో ఇంటి సర్వర్: రెండు చిక్కులు

ప్రశ్న: ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ ఐటీఎక్స్ (చిన్న సైజు) బోర్డు, 16 జీబీ ర్యామ్, రెండు 8 టీబీ డిస్కులు. డెబియన్ లినక్స్ మీద, ప్రోగ్రాంలను విడి కంటైనర్లలో నడిపే డాకర్‌లో, జెల్లీఫిన్ (ఇంటి సినిమాలు వేరే పరికరాలకు పంపే ప్రోగ్రాం) పెట్టాను. 4కే సినిమా ఫోన్‌లో పెడితే సీపీయూ 100 శాతం, బొమ్మ ఆగి ఆగి వస్తోంది. పైగా ఎక్స్‌టర్నల్ డబ్బాలోంచి తీసిన డిస్కు అసలు తిరగట్లేదు. పోయిందంటారా?

జవాబు: చిప్ తప్పు కాదండీ. జెల్లీఫిన్ కంటైనర్‌కి /డెవ్/డీఆర్ఐ (చిప్‌లోని గ్రాఫిక్స్ భాగాన్ని వాడుకునే దారి) ఇచ్చారా? అది లేకపోతే ట్రాన్స్‌కోడింగ్ (వీడియోని ఫోన్‌కి సరిపడేలా మార్చడం) భారమంతా సీపీయూ మీదే. ఇచ్చాక ప్లేబ్యాక్ సెట్టింగుల్లో క్విక్ సింక్ (గ్రాఫిక్స్ భాగంతో వీడియో మార్చే ఇంటెల్ పద్ధతి) ఎంచుకుని, 4కే సినిమాల్లో ఎక్కువగా ఉండే హెచ్‌ఈవీసీ 10 బిట్ వీడియో రకానికి టిక్ పెట్టండి. బ్లూరేలో ఉండే, అక్షరాలకు బదులు బొమ్మల రూపంలోని సబ్‌టైటిళ్లుంటే వీడియో మళ్లీ ఎన్‌కోడ్ అవ్వాల్సి రావచ్చు, అక్షరాలతో ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైళ్లు వాడండి.

జవాబు: డిస్కు బాగానే ఉండొచ్చు, పారేయకండి! సాటా పవర్ కనెక్టర్ మూడో పిన్‌లో 3.3 వోల్టులు వస్తే కొన్ని కొత్త డిస్కులు దాన్ని 'ఆగు' అని అర్థం చేసుకుంటాయి. డిస్కు వైపు మొదటి మూడు పిన్లమీద సన్నగా కత్తిరించిన కాప్టన్ టేపు (వేడిని తట్టుకుని, కరెంటు పారనివ్వని టేపు) అంటించండి. మోలెక్స్ (పాత నాలుగు పిన్ల పవర్ కనెక్టర్) నుంచి సాటాకి మార్చే అడాప్టర్‌తోనూ పని జరుగుతుంది గానీ, ప్లాస్టిక్ పోతపోసిన రకం లోపల షార్టయి కాలిపోవచ్చు. వైర్లు విడిగా నొక్కి బిగించిన రకమే కొనండి.

జవాబు: ఆ డిస్కు ఎస్ఎంఆర్ (డేటా ట్రాకులు ఒకదానిమీదొకటి కొంత కప్పుకుని ఉండే) రకమేమో మోడల్ నంబరుతో ముందే చూసుకోండి. అదైతే, జడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ మిర్రర్‌లో (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంచే అమరిక) డిస్కు మార్చినప్పుడు రీసిల్వర్‌కి, అంటే కొత్త డిస్కులోకి డేటా మళ్లీ నింపడానికి, రోజులు పట్టొచ్చు. మిర్రర్ ఉందని బ్యాకప్ మానొద్దు, పొరపాటున ఫొటోలు తుడిస్తే రెండిట్లోనూ పోతాయి. కరెంటు పోయే ఊరైతే యూపీఎస్ యూఎస్‌బీ వైరు సర్వర్‌కి కలిపి, యూపీఎస్‌ని గమనించే నట్ ప్రోగ్రాంతో సర్వర్ దానంతటదే షట్‌డౌన్ అయ్యేలా పెట్టండి.