చిన్న కళాశాలలో సైకాలజీ డిగ్రీ చదివినవారు మీ అనుభవం చెప్పండి

టెక్కలి అమ్మ: మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. విజయనగరంలోని ఒక చిన్న కళాశాలలో సైకాలజీ మేజర్‌గా చేరతానంటోంది. అక్కడ ప్రయోగశాల సరిగా ఉంటుందా, అమ్మాయిలకు హాస్టల్ ఎలా ఉంటుంది, చదువయ్యాక దారి ఏమిటి? చదివినవారు దయచేసి చెప్పండి.

నాగావళి గట్టు: ప్రయోగశాల గురించి నేను చెబుతానండీ. మా తరగతిలో తొమ్మిది మందిమే ఉండేవాళ్లం. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పరికరం ఒక్కటే ఉన్నా, అందరికీ వంతు వచ్చేది. చేయి కనబడకుండా రేకు అడ్డుంటుంది. అద్దంలో కనిపించే జంట గీతల మధ్య పెన్సిల్ నడపాలి. మూల తిరిగే చోట ముందుకు జరపబోతే వెనక్కి వస్తున్నట్టు కనబడి చేయి మొండికేస్తుంది. మొదటిసారి నాకు మూడు నిమిషాలు దాటింది, పదోసారికి నలభై సెకన్లు చాలాయి. ఆ తరువాత ఎడమ చేత్తో గీయమన్నారు. అభ్యాసమంతా కుడి చేతిదే అయినా, ఎడమ చేయి మొదటికన్నా త్వరగా గీసింది. అభ్యసన బదలాయింపు అంటే ఏమిటో ఆ రోజు నా చేతికే తెలిసింది. విశాఖలో చదివిన నా స్నేహితురాలు అదే ప్రయోగాన్ని నలభై మంది వెనుక నిలబడి చూసింది.

రాజాం కుర్రాడు: మీరు అదృష్టవంతులు. మా కళాశాలలో పరికరాలు బీరువాలోనే ఉండేవి, తాళం చెవి మాత్రం ఎప్పుడూ సెలవులో ఉన్న మాస్టారి దగ్గర ఉండేది. సమానమైన రెండు గీతలు బాణపు కొనల వల్ల చిన్నాపెద్దాగా కనిపించే ముల్లర్–లయర్ భ్రమ ప్రయోగానికి సీనియర్ల రికార్డులోని అంకెలనే ఎక్కించుకున్నాం. ఆ మూడేళ్లు తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

బొబ్బిలి మాస్టారు: పరికరాలు తరువాతి మాట. పద్నాలుగేళ్లుగా డీఎస్సీ అభ్యర్థులకు సైకాలజీ చెబుతున్న అనుభవంతో అంటున్నాను, ముందు తెలుగు పరిభాష పట్టుబడాలి. అష్టావధానం చూసిన మనవాళ్లకు అవధానం అన్న మాటను విప్పి చెప్పనక్కరలేదు.

రాజాం కుర్రాడు: అవధానం సరే, ప్రత్యక్షం మాటేమిటి మాస్టారూ? దేవుడు ప్రత్యక్షమయ్యాడని వింటూ పెరిగినవాడికి, ఇంద్రియాల నుంచి వచ్చిన సమాచారానికి మనసు అర్థం కల్పించుకోవడమే ప్రత్యక్షమంటే ఎలా తలకెక్కుతుంది? ఇంద్రియానికి ఏదో తగిలిందని తెలియడం మాత్రమే అయిన సంవేదనకూ దానికీ తేడా తెలియక మొదటి ఏడాదంతా పోయింది.

బొబ్బిలి మాస్టారు: మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో ప్రత్యక్షం మొదటి ప్రమాణం, అంటే జ్ఞానం పొందే మొదటి దారి. ఇంద్రియానికి వస్తువుతో సంబంధం కలిగితే పుట్టే జ్ఞానం అది. మాటకున్న పాత అర్థం తెలుసుకోకుండా మాటను తప్పుపట్టడం చదువుకున్నవారి లక్షణం కాదు.

రాజాం కుర్రాడు: ఆ పాత అర్థం చెప్పవలసింది ఎవరండీ? నోట్సు చెప్పి వెళ్లిపోయిన గురువులు కారా? కోపంగా రాస్తున్నందుకు క్షమించండి, కానీ పోయింది నా చదువు.

చంపావతి: ఇద్దరూ కాస్త ఆగండి, ఆ అమ్మ అడిగింది ముందు దారి గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు, భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ పొందాలి. పీజీకి మనకు దగ్గరలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉంది.

ఉద్దానం పిల్ల: చట్టం మంచిదే. అయితే డిగ్రీతో ఏమీ చేయలేమని మాత్రం అనకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చాక మేము కొందరు విద్యార్థులం పలాస వైపు పల్లెలకు వెళ్లాం. ఒక తాత కూలిన కొబ్బరి చెట్లను వేలితో చూపిస్తూ లెక్కపెడుతున్నాడు, చివరిదాకా వచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాడు. ధైర్యం చెప్పబోయిన నన్ను మా మేడమ్ చేయి పట్టి ఆపి, పక్కన కూర్చోమన్నారు. గంటకు పైగా కూర్చున్నాక ఆయనే తన కొడుకు గురించి మాట్లాడాడు. వినడం నేను నేర్చుకున్నది అక్కడే.

చంపావతి: వినండి, తప్పకుండా వినండి. కానీ డిగ్రీ పట్టా చూపించి కౌన్సెలింగ్ బోర్డు పెట్టినవారిని మా వీధిలోనే చూశాను. మందు అవసరమైన మనిషిని ఆరు నెలలు మాటలతో నిలిపి ఉంచారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఎవరైనా బాధలో ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి.

టెక్కలి అమ్మ: అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసింది చదివి మా అమ్మాయి నిన్న రాత్రి గోడ మీది అద్దం దించి, అట్టముక్క అడ్డం పెట్టుకుని నక్షత్రం గీసింది. నాలుగో మూల దగ్గర నన్ను పిలిచి పెన్సిల్ చేతికిచ్చింది, నావల్లా కాలేదు. హాస్టల్ గురించి మాత్రం ఎవరూ రాయలేదు. తెలిసినవారు చెప్పండి.