స్ట్రాటజీ అంటే అసలు ఏంటి? ప్లాన్‌కీ దానికీ తేడా ఎవరైనా చెప్పండి

సెకండ్‌సెమ్_బాధితుడు:
ఎంబీఏ సెకండ్ సెమ్ అండి, సోమవారం ఇంటర్నల్. "స్ట్రాటజీని నిర్వచించండి" పది మార్కులకి గ్యారంటీ అని సీనియర్లు అన్నారు. నోట్స్‌లో ఒకచోట లాంగ్ టర్మ్ ప్లాన్ అనుంది, ఇంకోచోట గోల్ అనుంది, మూడోచోట పోటీలో నెగ్గే దారి అనుంది, అన్నీ ఒకటే అయితే ఇన్ని పేర్లెందుకో. తెలుగులో వ్యూహం అంటారు సరే, ఆ మాట వింటే నాకు అభిమన్యుడే గుర్తొస్తాడు, అది పేపర్‌లో రాయలేను కదా.

ఎంవీపీ_కాలనీ:
రాసినా తప్పులేదు తమ్ముడూ, ఇంగ్లీషు మాట కూడా యుద్ధంలోంచి వచ్చిందే, గ్రీకులో స్ట్రాటెగోస్ అంటే సేనాపతి. బిజినెస్‌లో అయితే 1962లో ఆల్ఫ్రెడ్ చాండ్లర్ అనే బిజినెస్ చరిత్రకారుడు చెప్పిందాంతో మొదలుపెట్టు: కంపెనీ దీర్ఘకాల లక్ష్యాలు తేల్చుకోవడం, వాటికి ఏ దారి పట్టాలో, డబ్బూ మనుషులూ ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవడం. అంటే గోల్ అందులో ఒక ముక్క. "మూడేళ్లలో వైజాగ్‌లో నంబర్ వన్ అవుతాం" అన్నది కోరిక, మా ఆఫీసులో ఏటా ఏప్రిల్‌లో సమోసాలు పెట్టి మరీ ఈ కోరిక చూపిస్తారు, పైన స్ట్రాటజీ అని హెడ్డింగ్.

నాకు నచ్చింది మాత్రం హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ 1996లో చెప్పింది. అందరూ చేసే పనే ఇంకాస్త బాగా చేస్తే అది స్ట్రాటజీ కాదంటాడు, రేపు పక్కోడూ చేసేస్తాడు కాబట్టి. ఏది చెయ్యకూడదో తేల్చుకోవడమే అసలు సంగతి. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ అప్పట్లో భోజనం పెట్టేది కాదు, సీటు నంబరు ఇచ్చేది కాదు, విమానాలన్నీ బోయింగ్ 737లే, అందుకే దిగిన విమానం గేటు దగ్గర ఎక్కువసేపు ఆగకుండా మళ్లీ ఎగిరేది, టికెట్టూ చవక.

గాజువాక_కుర్రోడు:
విమానాలెందుకు బ్రో, మా నాన్న టిఫిన్ బండి రాసుకో. మా దగ్గర దోశ ఉండదు. ఇడ్లీ, పూరీ, అంతే. తెల్లారకుండా షిఫ్టు బస్సులెక్కేవాళ్లే మా గిరాకీ, బస్సు హారన్ కొట్టాక దోశ కాలేదాకా ఎవడాగుతాడు చెప్పు. ఇడ్లీలు నాలుగున్నరకే హాట్‌బాక్సులోకి వెళ్లిపోతాయి, బొంబాయి చట్నీ ముందే కవర్లలో కట్టేసి ఉంటుంది, నాన్న పొట్లం కడతాడు అమ్మ డబ్బులు తీసుకుంటుంది, మూడో మనిషి అక్కర్లేదు. ఎనిమిదికల్లా బండి కడిగేస్తాం. ఎదురు హోటలాయన చూసి తనూ ఇడ్లీ పొట్లాలు మొదలెట్టాడు, కానీ పెనం ఆపలేదు, దోశ ఆర్డర్లూ పొట్లాలూ ఒకే కౌంటర్‌లో కలిసిపోయి నెల తిరక్కుండా మానేశాడు. దోశ కావాలంటే మేమే ఆయన దగ్గరకి పంపిస్తాం 😀

ఎంవీపీ_కాలనీ:
అబ్బా, పోర్టర్ చెప్పిన ట్రేడాఫ్ ఇదే, ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవడం. చెయ్యని పనే చేసేవాటన్నిటినీ కలిపి కట్టింది.

బీచ్‌రోడ్_వాకర్:
బాగుంది కానీ ఒక డౌట్, ఇదంతా మీ నాన్నగారు ముందే ఆలోచించి పెట్టుకున్నదేనా?

గాజువాక_కుర్రోడు:
ఏటి ఆలోచన, దోశ మాస్టర్ సంక్రాంతికి ఊరెళ్లి తిరిగి రాలేదు. పది రోజులు ఇడ్లీతోనే లాగాం, సాయంత్రం లెక్క చూస్తే మిగిలింది ఎక్కువే ఉంది, ఇక పెనం అటక మీదకెక్కింది.

బీచ్‌రోడ్_వాకర్:
అనుకున్నాను. బాధితుడు గారూ, దీన్ని మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ హెన్రీ మింట్జ్‌బర్గ్ పేరు మీద రాయండి. స్ట్రాటజీకి 1987లో ఐదు అర్థాలు చెప్పాడు: ప్లాన్, ఎత్తుగడ, పాటర్న్, మార్కెట్లో మన స్థానం, లోకాన్ని చూసే తీరు. మాస్టర్ పోయాక జరిగింది మూడోది, ముందు అనుకోకపోయినా చేస్తూ చేస్తూ కుదిరిన దారి. హోండావాళ్లు కూడా 1959లో పెద్ద బైకులు అమ్ముదామనే అమెరికా వెళ్లారు, అవి రిపేర్లకొచ్చాయి, తమ ఆఫీసు పనులకి వాళ్లు వేసుకు తిరిగే 50 సీసీ బుల్లి బళ్ల గురించి జనం ఆరా తీశారు, చివరికి అమ్ముడుపోయినవి అవే.

సెకండ్‌సెమ్_బాధితుడు:
చాండ్లర్, పోర్టర్, మింట్జ్‌బర్గ్, మధ్యలో ఇడ్లీ బండి. పది మార్కులు రాకపోతే మీ ముగ్గురిదే పూచీ. అన్నా, మరి ఆ బస్సులు తగ్గితే ఏం చేస్తారు?

గాజువాక_కుర్రోడు:
ఇంట్లో అదే గొడవ. అమ్మ పెనం దింపమంటోంది, నాన్న వినట్లేదు.