ప్రాణవిత్తమానమా, ప్రాణమానవిత్తమా?

కృష్ణలంక పాఠకుడు: రాత్రి పిల్లలతో కలిసి ‘ఇంటర్‌స్టెల్లార్’ సినిమా చూశాను. భూమి మీది జనాన్ని తరలించడం తన లెక్క ప్రకారం కుదరదని తెలిసి కూడా పెద్ద ప్రొఫెసరు ఆ సంగతి ఏళ్ళ తరబడి దాస్తాడు కదా. అలా బొంకవచ్చా అని మా అమ్మాయి నిలదీసింది. పోతన భాగవతంలో, ఎప్పుడెప్పుడు బొంకవచ్చో బలి చక్రవర్తికి శుక్రుడు చెప్పే పద్యం ఎత్తుకున్నాను గాని రెండో పాదంలో ఆగిపోయాను. ‘ప్రాణమానవిత్త’ అనా, ‘ప్రాణవిత్తమాన’ అనా?

యతిప్రియ, గుంటూరు: విత్తమే ముందు.
వారిజాక్షులందు వైవాహికములందు
ప్రాణవిత్తమానభంగమందు
చకితగోకులాగ్రజన్మరక్షణమందు
బొంకవచ్చు నఘము పొందదధిప!
జనం నోట మానం ముందుకు జరిగింది, అంతే.

ములుకోల: ‘అంతే’ అంటే ఎలాగండీ? ఆటవెలది రెండో పాదం అయిదూ సూర్యగణాలు. విత్త, మాన రెండూ గలాలే (గురువు, లఘువు). యతి ‘ప్రా–భ’ల మధ్య. అటూ ఇటూ మార్చినా ఛందస్సు కిమ్మనదు. ఏ ప్రతి చూసి చెబుతున్నారో సెలవివ్వండి.

యతిప్రియ: ప్రతి దాకా ఎందుకు, సంస్కృత మూలం చూడండి. ‘వృత్త్యర్థే ప్రాణసంకటే’, అంటే బతుకుతెరువు కోసం, ప్రాణాపాయంలో. అక్కడ మానం ఊసే లేదు. వృత్తిని విత్తం చేసి, మానాన్ని పోతన తానుగా కలిపాడు. కొత్తగా కలిపినది చివర చేరడం సహజం.

ములుకోల: మూలంలో వృత్తి ముందు, ప్రాణం తరవాత. ఆ వరసనే పట్టించుకోని కవి మీ వరసను పట్టించుకున్నాడా?

గవర్నర్‌పేట మాస్టారు: ఇద్దరూ నన్నయను మరిచారు. ఆదిపర్వంలో శర్మిష్ఠ యయాతితో ‘చను బొంకగ ప్రాణాత్యయమున సర్వధనాపహరణమున’ అంటుంది. ప్రాణం, వెంటనే ధనం. పోతన చెవిలో మోగింది అదే.

బెంజి సర్కిల్ ఇంజినీరు: వరస మీరు తేల్చండి. నాకు బొంకవచ్చన్న సందర్భాల పట్టిక మీదే అనుమానం. ఆ సినిమాలో పెద్ద అబద్ధాలు రెండు. మంచుగడ్డ లాంటి గ్రహంలో చిక్కుకున్న వ్యోమగామి, తనను తీసుకుపోవడానికి ఎవరైనా రావాలని, అక్కడ మనుషులు బతకవచ్చని తప్పుడు సమాచారం పంపుతాడు. శుక్రుడి దగ్గర అతడికి ‘ప్రాణభంగం’ కింద అక్షరాలా మినహాయింపు ఉంది. ప్రొఫెసరు మాత్రం తన ప్రాణం కోసం బొంకలేదు, మనిషి జాతి ఎక్కడో ఒకచోట మిగలాలని బొంకాడు. అతడికి పట్టికలో చోటే లేదు. ఇదేం ధర్మం?

నల్లపాడు చదువరి: ఎందుకు లేదూ? ‘చకిత’ దగ్గర విరిచి చదవండి. బెదిరినవారిని రక్షించేటప్పుడు అని వస్తుంది. మానవజాతి మొత్తం అందులో పడుతుంది.

ములుకోల: సమాసం నడుమ గోడ కడితే ఎలా, తల్లీ? అక్కడ చకితం కావలసినవి గోకులమూ అగ్రజన్ములూ, అంటే ఆవులూ బ్రాహ్మణులూ.

యతిప్రియ: పైగా అది బలి తోసిపుచ్చిన సలహా. ‘కారే రాజులు’ అని గురువుకే ఎదురు చెప్పాడు. వినేవాడే వినని మాటను ప్రొఫెసరుకు వకాల్తా చేయడం ఏమిటి?

అరండల్‌పేట: మధ్యలో వస్తున్నాను. ఆ సినిమాలో నల్లబిలం పక్కన గంట గడిస్తే ఇక్కడ ఏడేళ్ళు గడవడం మనకు కొత్తా? నవమస్కంధంలో కకుద్మి, రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకంలో పాట వినేంతలో 27 చతుర్యుగాలు దాటిపోయాయి!

బెంజి సర్కిల్ ఇంజినీరు: కథ బాగుంది, కారణం లేదు. సినిమాకు భౌతికశాస్త్రవేత్త కిప్ థార్న్ చేసిన లెక్కలో ఉంది: గురుత్వం ఎంత గట్టిగా ఉంటే గడియారం అంత నెమ్మది. పైన తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలకు గురుత్వం తక్కువ, అందువల్ల గడియారం జోరు. వాటి వేగం కొంత వెనక్కి లాగినా, రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుంటాయి. సరిదిద్దకపోతే మీ ఫోను మిమ్మల్ని అరండల్‌పేటలో దింపదు.

నల్లపాడు చదువరి: ఆకాశయానమే కావాలంటే అదే ఘట్టంలో వామనుడు పెరిగే ‘ఇంతింతై’ పద్యం లేదూ! తోయదమండలం, ప్రభారాశి, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం. ఒక్కొక్క ‘అంతై’కి ఒక్కొక్క లోకం కిందికి జారిపోతుంది. ఆ పద్యం ముందు ఏ తెరా చాలదు.

బెంజి సర్కిల్ ఇంజినీరు: చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్లు, సూర్యుడు దాదాపు 15 కోట్లు. ప్రభారాశి అంటే సూర్యుడైతే, చంద్రుడు తరవాత ఎలా వస్తాడు?

యతిప్రియ: పంచమస్కంధం ప్రకారం చంద్రుడు సూర్యుడికి లక్ష యోజనాల పైన. పోతన తన పుస్తకం లెక్క తప్పలేదు.

ములుకోల: అసలు ప్రభారాశి సూర్యుడేనని ఎవరన్నారు? మేఘం దాటాక వచ్చే వెలుగుల కుప్ప ఏదైనా కావచ్చు.

యతిప్రియ: కరుణశ్రీ పాఠం చెప్పిన ఊరు మాది. ప్రభారాశికి అర్థం బెజవాడను అడగవలసిన పని లేదు.

గవర్నర్‌పేట మాస్టారు: విశ్వనాథ పాఠం చెప్పిన ఊరు మాది. అడిగితే తప్పు లేదు.

కృష్ణలంక పాఠకుడు: అయ్యా, మానమా, విత్తమా?

ములుకోల: ఉండండి. ప్రభారాశి సూర్యుడే అయితే, ఆ మెట్టులోనే వామనుడు అతణ్ణి దాటేశాడు. మరి తరవాతి ‘రవిబింబం’ పద్యంలో సూర్యుడు మళ్ళీ నెత్తిన గొడుగుగా మొదలై పాదపీఠం దాకా ఎలా దిగుతాడు? యతిప్రియ గారు జవాబు చెప్పాలి.

యతిప్రియ: చెబుతాను. సూర్యుడు కాని వెలుగును ‘ప్రభారాశి’ అన్న కవిని ముందు మీరు ఒక్కరిని చూపండి.