28 ఎంఎం మెటల్ సైనికుల చేతుల్లో సరిస్సాలు (పొడవాటి ఈటెలు) నిలవడం లేదు

ప్రాచీన కాలపు స్కర్మిష్ గేమ్ (కొద్దిపాటి బొమ్మ సైనికులతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆట) కోసం మాసిడోనియన్ సైన్యం తయారుచేస్తున్నాను. 24 మంది సరిస్సాధారులు, అందరూ 28 ఎంఎం మెటల్ బొమ్మలే, రంగులు వేయడం కూడా పూర్తయింది. అసలు సరిస్సా 5 నుంచి 6 మీటర్ల పొడవు కాబట్టి, 0.8 ఎంఎం స్టీల్ తీగను 100 ఎంఎం ముక్కలుగా కోసి వాడాను. బొమ్మలతో వచ్చిన ఈటెలు మెత్తటి లోహం, ముట్టుకుంటే వంగిపోతున్నాయి. పొట్టి ఈటెలు పెట్టడానికి మాత్రం మనసొప్పడం లేదు. ఆ పొడవు లేకపోతే అది ఈటెలు చాచి వరుసల్లో దగ్గరగా నిలబడే ఫాలాంక్స్‌లా కనిపించదు.

మొదట సూపర్ గ్లూ వేశాను. రెండో ఆటకే 9 ఊడిపోయాయి. జిగురు చేతిలోనే ఉండిపోయి, తీగ మాత్రం నున్నగా బయటికొచ్చింది. తర్వాత తీగను 400 నంబర్ గరుకు కాగితంతో రుద్ది, రెండు భాగాలు కలిపే ఎపాక్సీతో అతికించి 24 గంటలు కదపకుండా ఉంచాను. ఇది కాస్త నయం. కానీ కొన దేనికైనా తగిలితే చాలు, అతుకు వదులై ఈటె గిర్రున తిరుగుతోంది. స్కర్మిష్ గేమ్‌లో ఒక్కో బొమ్మనీ విడిగా ఎత్తి జరపాలి కదా, తగలకుండా ఉండదు. మూడు బొమ్మల పిడికిళ్లకు డ్రిల్‌తో రంధ్రం చేసి చూస్తే రెండు చీలిపోయాయి.

వేసిన రంగు పాడవకుండా, చేతికి రంధ్రం చేయకుండా ఈ తీగ గట్టిగా నిలవాలంటే ఎలా అతికించాలి?